బంగారు ఏడు

మే నెల చివర్లో, మా దగ్గర చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఒక ఉదయం నాన్న గడ్డం గీసుకుంటూ అమ్మను పిలిచాడు. పిలుపు సరిగ్గా రాలేదు. ‘ఇర్మా’ అనాలంటే పెదవులు కలవాలి. కలవలేదు. అమ్మా నేనూ వెళ్ళేసరికి ఆయన అద్దం ముందు నిలబడి ఎడమ చెంపను వేలితో పైకి తోస్తున్నాడు. వేలు తీస్తే చెంప జారిపోతోంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. మాట్లాడబోతే నోరు కుడివైపుకు లాగేస్తోంది.

“రాత్రి కిటికీ వేసుకోమంటే విన్నావా?” అంది అమ్మ. ఆవిడకు భయం వేస్తే ముందు తిట్లు వస్తాయి.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల. నాన్నను కనుబొమలు ఎత్తమంది, ఈల వెయ్యమంది, బుగ్గలు పూరించమంది. ఏదీ రాలేదు.

“పక్షవాతం కాదండీ. ముఖంలో ఒక నరం దెబ్బతింది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి నెలలు పడుతుంది.”

“కొందరికి?” అన్నాడు నాన్న.

“కొందరికి పూర్తిగా తగ్గదు. చలికాలం వెళ్ళేలోపు కాస్త కదలిక కనిపిస్తే మిగతాది వస్తుందని ధైర్యంగా ఉండొచ్చు.”

ఇంటికి వచ్చాక నాన్న ఆ కాస్త కదలిక సంగతి ఎత్తలేదు. తగ్గని కొందరి గురించే రెండుసార్లు అన్నాడు.

మా ఇల్లు రొసారియోకు ఉత్తరాన, పరానా నది గట్టు మీద ఉంటుంది. ముందు గది నాన్న సెలూన్. వెనక మేము ముగ్గురం. గట్టు మెట్లు దిగితే నీళ్ళ పక్కన చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు. నేను అప్పట్లో బస్ స్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేసేదాన్ని. మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసేదాన్ని కాబట్టి ఆ చలికాలం జరిగినదాంట్లో చాలాభాగం నా ఎదుటే జరిగింది.

సెలూన్ నడిపేవాడు రోజంతా అద్దం ముందే నిలబడాలి. జూన్ మొదట్లో నాన్న కుర్చీ మరలు విప్పి, దాన్ని వీధివైపు తిప్పి మళ్ళీ నేలకు బిగించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అద్దానికి వీపు పెట్టి, వీధిలో పోయే బస్సులు చూస్తూ కూర్చునేవారు.

“రెమో, నా తల నాకు కనపడకపోతే ఎలాగయ్యా?” అన్నాడు ఒక పాత ఖాతాదారు.

“నేను చూస్తున్నానుగా.”

“నువ్వు చూసేది ఒక కంటితోనేగా!”

ఆ మనిషి వేళాకోళానికే అన్నాడు. నాన్న కటింగ్ పూర్తి చేశాడు. మెడ మీద వెంట్రుకలు దులిపాడు. డబ్బు తీసుకోలేదు. ఇంక వేరేచోట చూసుకోమన్నాడు.

మా సెలూన్లో మాతే అనే ఆకు కషాయం చెంబు ఎప్పుడూ ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరుగుతూ ఉండేది. అందరూ ఒకే గొట్టంతో పీల్చి తాగేవారు. నాన్నకు పెదవులు మూసుకోక ఎడమవైపు నుంచి కారిపోయేది. ఆయన నలుగురిలో తాగడం మానేశాడు. ఆయన తాగడం లేదని మిగతావాళ్ళూ మొహమాటపడి మానేశారు. కొన్నాళ్ళకు కటింగ్ అవసరం లేనివాళ్ళు సెలూన్‌కు రావడం ఆగిపోయింది. సగం మంది అలాంటివాళ్ళే.

అమ్మ రోజూ భోజనాల తర్వాత వంటింట్లో కొవ్వొత్తి వెలిగించి ఊదమనేది. గాలి ఎడమవైపు నుంచి పోయేది. మంట వంగేది కూడా కాదు. నాన్న కళ్ళు తిప్పుకోగానే అమ్మ తనే ఊది ఆర్పేసి, “ఇవాళ కొంచెం నయం,” అనేది. పక్కవీధిలో దిష్టి తీసే ఆవిడ దగ్గరికి కూడా తీసుకెళ్ళింది. ఆవిడ పళ్ళెంలో నీళ్ళు పోసి, నూనె చుక్కలు వేసి చూసి, గట్టి దిష్టే అంది. ఎవరి దిష్టో చెప్పలేదు. నాన్న ముఖం అంతకుముందు కూడా ఒకరు కుళ్ళుకునేంత గొప్పదేం కాదు.

సకరియాస్ బాబాయి జూన్ రెండో వారంలో వచ్చాడు. ఆయనకు బజార్లో బట్టల కొట్టు ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఆయనా నాన్నా త్రుకోలో జత.

త్రుకో నలుగురు ఆడే పేకాట. ఇద్దరిద్దరు ఒక జత, జతగాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. పేకలో కత్తులు, కర్రలు, బంగారు నాణేలు, గిన్నెలు అని నాలుగు రంగులు. తలా మూడు ముక్కలు, రెండు గెలిస్తే పంపకం వాళ్ళది. చేతిలో ఏముందో జతగాడికి నోటితో చెప్పకూడదు. ముఖంతో చెప్పాలి, అదీ అవతలివాళ్ళ కంట పడకుండా. కత్తుల ఆసు అన్నిటికంటే పెద్దది. దానికి కనుబొమలు ఎగరెయ్యాలి. తర్వాతది కర్రల ఆసు, దానికి కన్ను కొట్టాలి. కత్తుల ఏడుకు నోరు కుడివైపుకు తిప్పాలి, బంగారు ఏడుకు ఎడమవైపుకు. మూడుకు కింది పెదవి కొరకాలి. ఇవి బళ్ళో పిల్లలకు కూడా తెలుసు. చేతి సైగలు, సొంతంగా కల్పించుకున్న సైగలు క్లబ్బులో కుదరవు.

నాన్న ముఖం వీటిలో ఒక్కటే చెయ్యగలిగేది. మాట్లాడినా, నవ్వబోయినా, దగ్గినా కత్తుల ఏడు.

“ఆదివారం పోటీలు మొదలు. పేర్లు ఇచ్చేశాను,” అన్నాడు సకరియాస్ బాబాయి కుర్చీలో కూర్చుంటూ.

“ఎవరి పేర్లు?”

“నీదీ నాదీ. ఇంకెవరివి, మా ఆవిడవా?”

“నేను రాను. ఇంకొకణ్ణి చూసుకో.”

“చూశాను. అందరూ రెండు చెంపలూ బాగున్న వెధవలే. ఒక్కడికీ ఆట రాదు.”

“సకరియాస్, నేను సైగ చెయ్యలేను.”

“బాగున్నప్పుడు మాత్రం చేసి చచ్చావా? నువ్వు కన్ను కొడితే నలక పడిందేమో అనుకునేవాణ్ణి.”

నాన్న కత్తి నూరుతూ ఉండిపోయాడు. బాబాయి మెడకు కట్టిన గుడ్డతోనే లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

“వదినా, నువ్వయినా చెప్పు.”

అమ్మ అంట్లు తోముతోంది. వెనక్కి తిరగలేదు. “ఆదివారం ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. క్లబ్బులో చేపలు కాలుస్తారుగా, అక్కడ తినండి. లేకపోతే పస్తు,” అంది.

ఆదివారం ముగ్గురం మెట్లు దిగి వెళ్ళాం. నాన్న మఫ్లరు ముక్కు దాకా చుట్టుకున్నాడు. లోపల కట్టెల పొయ్యి వేడికి అది తీయక తప్పలేదు. అందరూ ఆయన్ను పలకరించారు. ఎవరూ ముఖంలోకి చూడలేదు.

ముక్కలు పంచబోతుంటే లీనో బెర్గామాస్కో చెయ్యెత్తాడు. ఇతనూ ఇతని తమ్ముడు అల్దో కసాయి కొట్టు నడుపుతారు. ఏటా నాన్న జతకు గట్టి పోటీ వీళ్ళే.

“ఫెర్మిన్ గారూ, ఒక సందేహం. దొంగ సైగ మన క్లబ్బులో తప్పా, కాదా?”

ఫెర్మిన్ గారు క్లబ్బు పెద్ద. నది మీద ఓడలు నడిపి రిటైరయ్యాడు. “తప్పే,” అన్నాడు.

“మరి రెమో వచ్చిన దగ్గర్నుంచీ కత్తుల ఏడు చూపిస్తున్నాడు. ముక్కలు ఇంకా పంచనేలేదు.”

ఎవరూ నవ్వలేదు. సకరియాస్ బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. ఫెర్మిన్ గారు కూర్చోమని చెయ్యి ఊపి, నాన్నవైపు తిరిగాడు.

“రెమో, నీ దగ్గర కత్తుల ఏడు ఉంటే ఏం చేస్తావు?”

“ఇలాగే ఉంటాను.”

“లేకపోతే?”

“ఇలాగే ఉంటాను.”

“అయితే అది సైగ కాదు, ముఖం. ముఖాల మీద మన క్లబ్బుకు రూలు లేదు. ఉంటే లీనోను ఎప్పుడో బయటికి పంపేవాళ్ళం.”

క్లబ్బంతా నవ్వింది. లీనో కూడా నవ్వాడు. నాన్న నవ్వాడు. మే నెల నుంచి నవ్వు వస్తే నోటికి అడ్డంగా వెళ్ళే చెయ్యి ఆ పూట బల్ల మీదే ఉంది.

“కానీ చేత్తో, కాలితో సైగలు చేస్తే ఊరుకోను. ఆడితే గుడ్డిగా ఆడండి,” అన్నాడు ఫెర్మిన్ గారు.

గుడ్డిగానే ఆడారు. బాబాయి తన ముక్కలు నాన్నకు చెప్పేవాడు. నాన్న నుంచి ఏమీ వచ్చేది కాదు. “ఆగిపోయిన గడియారంలో టైము చూస్తున్నాను,” అనేవాడు బాబాయి. అయినా గెలుస్తూ వచ్చారు. ఎదుటివాళ్ళు తమ జతగాణ్ణి చూడటం మానేసి నాన్న ముఖంలో ఏదో వెతుకుతూ కూర్చునేవారు. అక్కడ ఏమీ లేదని తెలిసినా చూపు తిప్పుకోలేకపోయేవారు.

జులైలో నదికి అవతల దీవుల్లో గడ్డి అంటుకుంది. పొగ మా గట్టు దాకా వచ్చింది. మూతపడని కన్ను ఎర్రబడి నీరు కారడం మొదలుపెట్టింది. బాబాయి తన కొట్టులోంచి నల్ల గుడ్డ తెచ్చి దానికి కట్టు కట్టాడు. ఓడ దొంగల నాయకుడిలా ఉన్నాడని క్లబ్బులో నాన్నను ‘కెప్టెన్’ అనేవారు. ఆదివారాలు మాత్రం ఎవరూ చెప్పకుండానే బయల్దేరేవాడు. మిగతా ఆరు రోజులు వీధి చివర రొట్టెల కొట్టుకు కూడా నన్నే పంపేవాడు.

ముఖం మాత్రం కదల్లేదు. ఆగస్టులో ఆసుపత్రికి మళ్ళీ వెళ్ళాం. డాక్టరు అవే పరీక్షలు చేసింది. “ఇంకొన్ని వారాలు చూద్దాం,” అంది. ఆ మాట కాగితం మీద ఏదో రాస్తూ అంది. బస్సులో నాన్న కుడి చెంప కిటికీ వైపు పెట్టి కూర్చున్నాడు. ఎడమ చెంప నా వైపు ఉంది.

రెండు రోజుల తర్వాత అన్నం దగ్గర చెప్పాడు. ఫునెస్ ఊళ్ళో ఒక కుర్రాడు సెలూన్ పెడుతున్నాడట. కుర్చీ, అద్దం, కత్తులు అన్నీ కలిపి తీసుకుంటానన్నాడట. క్లబ్బు పోటీల్లో ఆఖరి ఆట ఆదివారం. ఆ మర్నాడు బండి తెస్తాడట.

“కుర్చీ అమ్మేసి ఏం చేస్తావు?” అంది అమ్మ.

“కూర్చుంటాను.”

“దేనిమీద?”

అమ్మ ఆయన కంచం తీసి, ఇంకా అందులో తిండి ఉందని చూసి, మళ్ళీ ఆయన ముందు పెట్టింది.

ఆ సాయంత్రం నేను సెలూన్ ఊడుస్తుంటే నాన్న నాతో అన్నాడు. “ఈ ఆదివారం అయిపోతే ఇంక బయటికి వెళ్ళే పని ఉండదు. అమ్మకు చెప్పకు.” చెప్పాల్సిన అవసరం లేదు. గోడకు అవతల ప్రెషర్ కుక్కర్ ఆపేసి అమ్మ వింటోంది.

ఆఖరి ఆట బెర్గామాస్కో అన్నదమ్ములతో పడింది. బహుమతి ఒక గొర్రెపిల్ల. క్లబ్బువాళ్ళు దాన్ని కొన్నది లీనో కొట్లోనే. అమ్మ రానంది. నేను నాన్న వెనక నిలబడ్డాను. ఆయన ముక్కలు నాకు కనిపిస్తాయి కాబట్టి, రాయిలా నిలబడాలని ఫెర్మిన్ గారు ముందే హెచ్చరించాడు. మధ్యాహ్నపు ఎండ నది మీంచి కిటికీల్లోకి పడుతోంది.

ముప్పైకి ఆట. చివరికి నాన్నవాళ్ళు ఇరవై ఏడు, వాళ్ళూ ఇరవై ఏడు. ముక్కలు పంచారు. మొదటి ముక్కకు లీనో కత్తుల ఆసు వేసి లాగేశాడు. రెండోదానికి సకరియాస్ బాబాయి కర్రల ఆసు వేసి గెలిచాడు. రెండు పెద్ద ఆసులూ పోయాయి. అందరి చేతుల్లో ఒక్కో ముక్క మిగిలింది. ఇక కత్తుల ఏడు గానీ బంగారు ఏడు గానీ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళదే.

బాబాయి తన ఆఖరి ముక్క వేశాడు. నాలుగు. ఈ ఆటలో రెండు, మూడు కూడా దానికంటే పెద్దవి; అంతకంటే చిన్న ముక్క లేదు. ఇంక ఉన్నదంతా నాన్న చేతిలో ముక్కే. నాకది కనిపిస్తోంది. గిన్నెల ఐదు. దానితో నాలుగును తప్ప దేన్నీ కొట్టలేం.

లీనో తన ముక్క వెయ్యకుండా బల్ల మీద చరిచాడు. “పెంచుతున్నా! రెండు!”

మామూలుగా ఒక పంపకానికి ఒక పాయింటు; లీనో దాన్ని రెండు చేస్తున్నాడు. బాబాయి వదిలేస్తే వాళ్ళు ఒక్క పాయింటు ముందుకు పోతారు, అంతే. వదిలేస్తాడనే అందరం అనుకున్నాం. ఆయన అలవాటు కొద్దీ తలెత్తి నాన్న ముఖంలోకి చూశాడు. వెంటనే ముందుకు వంగి అరిచాడు.

“నేనూ పెంచుతున్నా! మూడు!”

మూడంటే ఎవరు గెలిచినా ఆట అక్కడితో సరి. లీనో తన ముక్క ఇంకోసారి చూసుకున్నాడు. అల్దో మొహం ఎందుకో ఎర్రబడింది.

“ఒప్పుకున్నా,” అని లీనో ముక్క వేశాడు. కత్తుల మూడు.

నాన్న గిన్నెల ఐదు వేశాడు.

బాబాయి ఆ ఐదును చూస్తూ ఉండిపోయాడు. “ఏడు ఏదిరా?” అన్నాడు.

“ఏ ఏడు?”

“బంగారు ఏడు! చూపించావు కదరా!”

“నేనేం చూపించాను? నాకు చేతనవుతుందా?”

“ఈ కళ్ళతో చూశాను. ఇదిగో, నోరు ఇలా ఎడమవైపుకు…” అంటూ బాబాయి తన నోరు తిప్పి చూపించాడు. తిప్పిన నోరు అలాగే ఉండిపోయింది.

“నేనూ చూశాను,” అన్నాడు అల్దో. “ముక్కలు పడెయ్యరా అని వీణ్ణి కింద నుంచి తన్నుతూనే ఉన్నాను. వింటేగా!”

“అది నువ్వా? కుక్క అనుకున్నాను,” అన్నాడు లీనో.

నేను చూడలేదు. నాకు కనిపించింది నాన్న వీపు, ఆయన చేతిలో ఐదు.

“పొద్దున్నుంచీ పెదవి చివర చీమ పాకుతున్నట్టుంది,” అన్నాడు నాన్న నెమ్మదిగా. “అది పోతుందేమోనని కదిపాను. కదులుతుందని నాకేం తెలుసు?”

బాబాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి నాన్న ముందు వంగాడు.

“మళ్ళీ చెయ్యి.”

నేను కూడా ముందుకు వచ్చాను. నాన్న కుడిచేత్తో కుడి చెంప పట్టుకున్నాడు, అది సాయం రాకుండా. ఎడమ పెదవి చివర ఒక బియ్యపు గింజంత మేర పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

తర్వాత అందరూ ఒకేసారి మీదపడ్డారు. కన్ను మూయమని ఒకరు, బుగ్గ పూరించమని ఒకరు, ఈల వెయ్యమని ఇంకొకరు. అవేవీ రాలేదు. పెదవి చివర మాత్రం ఎవరడిగితే వాళ్ళకు కదిలింది. అల్దో మూడుసార్లు అడిగాడు.

“చాలు, వదలండి,” అన్నాడు ఫెర్మిన్ గారు. “ఆ డాక్టరు పిల్ల ఏమంది? చలికాలం వెళ్ళేలోపు కాస్త కదిలితే మిగతాది వస్తుందనేగా?” డాక్టరు మాట ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. అక్కడున్న అందరికీ తెలిసినట్టే ఉంది.

నేను మెట్లెక్కి ఇంటికి పరిగెత్తాను. అమ్మ పిండి కలుపుతోంది. నా ఆయాసం చూసి, “పడిపోయాడా?” అంది.

“లేదు. నోరు కదిలింది.”

అమ్మ పొయ్యి ఆర్పింది. ఆరిందో లేదో రెండోసారి చూసింది. పిండి చేతులతోనే బయల్దేరింది. మెట్ల మధ్యలో ఒకసారి ఆగి కమ్మీ పట్టుకుంది. నేను ఆగితే, “నువ్వు పద,” అంది.

క్లబ్బులో అందరూ చీమ సంగతి చెబుతూనే పక్కకు తప్పుకున్నారు. అమ్మ నాన్న గడ్డం పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. ఆయన చేసి చూపించాడు.

“ఇంకోసారి,” అంది.

ఇంకోసారి చేశాడు.

“పొద్దున్నుంచీ చీమ పాకుతోందట, నాకొక మాట చెప్పడానికేం రోగం?” అంది అమ్మ. ఆ మాట అంటూనే లీనో కుర్చీలో కూర్చుండిపోయింది. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. తాగింది. కాసేపటికి బల్ల మీద ముక్కలు చూసి, “ఇంతకీ ఆట ఏమైంది?” అని అడిగింది.

ఫెర్మిన్ గారు లీనో వైపు చూశాడు.

“మేమే గెలిచాం, అక్కయ్యా,” అన్నాడు లీనో, గ్లాసు పగలగొట్టినవాడిలా.

“మూడు నెలలు ఆగిన నోరు ఇంకో నిమిషం ఆగలేకపోయిందా?” అన్నాడు సకరియాస్ బాబాయి. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఓడిపోయినందుకేనని ఆ తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

గొర్రెపిల్లను అక్కడే కాల్చాలని లీనో అన్నాడు. కాల్చారు. ఆ గోలలో ఫునెస్ కుర్రాడి సంగతి అందరం మర్చిపోయాం. సోమవారం ఉదయం అతను బండి తీసుకుని వచ్చేశాడు. మరలు విప్పే సామాను కూడా తెచ్చుకున్నాడు.

నాన్న గుమ్మంలో నిలబడి, ఇంక అమ్మడం లేదని చెప్పాడు. కుర్రాడు సామాను మళ్ళీ బండిలో పెట్టుకున్నాడు. కానీ అంత దూరం నుంచి వచ్చిన మనిషి. నాన్న అతని తల వంక చూశాడు. చెవుల మీద జుట్టు పెరిగి ఉంది.

“కూర్చో,” అన్నాడు.

కటింగ్ చేసి, మెడ గీసి, పౌడరు రాసి పంపాడు. ఆ కుర్రాడు వేరేచోట కుర్చీ కొనుక్కున్నాడు. ఫునెస్‌లో అతని సెలూన్ బాగానే నడుస్తోంది. అయినా నెలకొకసారి బస్సెక్కి మా ఇంటికి వస్తాడు. తన జుట్టు తను కత్తిరించుకోలేడుగా.